దిక్సూచి కంటే ముందు దీవిని చదవాలి

*లాఫింగ్ బుద్ధ బొమ్మ కొనడంతో ఫెంగ్‌షుయ్ మొదలవదు. గాలి ఎటు నుంచి వస్తుంది, నీరు ఎంతవరకు వస్తుంది, ఇంటి వెనక కాపు ఏది అన్న ప్రశ్నలతో మొదలవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఆ ప్రశ్నలు ఎందుకంత ముఖ్యమో అండమాన్ నికోబార్ దీవులకు తెలిసినంతగా మరో చోటుకు తెలియదు.*

సిప్పీఘాట్ దగ్గర రోడ్డు దిగితే ఒకప్పుడు వరి చేలు. ఇప్పుడక్కడ పోటు వేళకు సముద్రం నిండుతుంది, పాటు వేళకు బురద తేలుతుంది. నీళ్ళలో ఎండు మోళ్ళు నిలబడి ఉంటాయి. వాటి మీద కొంగలు. గట్ల వెంబడి మళ్ళీ మొలిచిన మడచెట్లు.

ఆ నీటికి ఎగువన, వాలులో ఒక ఇంటి స్థలం. భర్త చేతిలో ఫోను, అందులో దిక్సూచి. భార్య చేతిలో విశాఖ నుంచి తెప్పించుకున్న ప్లాను. పక్కన మేస్త్రీ. సిక్కోలు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం ఆయనది.

"ఈశాన్యం పల్లంగా ఉంది. మంచిదే కదా మేస్త్రీగారూ?" అని ఆవిడ అడిగింది.

"పల్లం మంచిదేనమ్మా. అమాస పోటుకి ఆ పల్లంలోకి నీరు ఎందాకా వస్తాదో అడిగినారా? వానాకాలం గాలి కొట్టినప్పుడు ఈ గట్టు మట్టి ఎటు జారతాదో ఎవరైనా సూసినారా?"

ఆ రెండిటికీ ప్లానులో జవాబు లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేస్త్రీ ఎప్పుడూ పుస్తకం తెరిచి ఉండకపోవచ్చు. కానీ ఆయన అడిగిన రెండు ప్రశ్నలూ చైనాలో వెయ్యేళ్ళకు పైగా గురువులు శిష్యులకు చెబుతూ వచ్చిన ఫెంగ్‌షుయ్ మొదటి పాఠంలోవే.

మళ్ళీ ఎందుకీ చర్చ

2024 ఫిబ్రవరి నుంచి ఫెంగ్‌షుయ్ మళ్ళీ జనం నోళ్ళలో నానుతోంది. ఆ పద్ధతి లెక్కలో 20 ఏళ్ళకొక కాలం. అలాంటివి తొమ్మిది కలిస్తే 180 ఏళ్ళ చక్రం. 2004లో మొదలైన ఎనిమిదో కాలం ముగిసి, 2044 దాకా సాగే తొమ్మిదో కాలం మొదలైంది. దాంతో 'మీ ఇంటి జాతకం మారింది' అంటూ వీడియోలు, ఆన్‌లైన్ పాఠాలు, వాటితోపాటు బొమ్మల అమ్మకాలు ఊపందుకున్నాయి.

వాస్తు చూడనిదే గడప ఎత్తని మన తెలుగువాళ్ళకు ఇది కొత్త రుచి. అండమాన్‌లోనూ మనవాళ్ళు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో వందకు 13 మంది మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్‌లో వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారుల మాట వింటే ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నట్టే ఉంటుంది. విశాఖ నుంచి ఓడలో సరుకుతోపాటు శ్రీకాకుళం, విశాఖ జిల్లాల ఇంటి ఆనవాయితీలూ వచ్చాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. వాలుల మీద కాంక్రీటు ఇళ్ళు పెరుగుతున్నాయి. ఇల్లు కట్టుకునేవాడికి ఒకవైపు వాస్తు, మరోవైపు ఫెంగ్‌షుయ్, మధ్యలో అప్పు.

బజారు బొమ్మ, అసలు విద్య

గాలిగంటలు, మూడుకాళ్ళ కప్ప, ఎర్రదారం కట్టిన నాణేలు, గాజుసీసాలో వెదురు. ఇవన్నీ కొని ఇంట్లో పెట్టుకున్నవారిని నేనేమీ అనను. అందంగా ఉంటాయి, మనసుకు ఊరట. కానీ సంప్రదాయ ఫెంగ్‌షుయ్ అసలు పాఠంలో వీటికి చోటు లేదు. సింహద్వారం దగ్గర నిలబడి ఇంటిని తొమ్మిది గళ్ళుగా విడదీసి, ఈ గది డబ్బుకు, ఆ మూల పెళ్ళికి అని చెప్పే పద్ధతి కూడా పాతది కాదు. లిన్ యున్ అనే గురువు 20వ శతాబ్దం చివర అమెరికాలో ప్రచారం చేసిన శాఖ అది. దానికి దిక్సూచితో పని లేదు.

సంప్రదాయ విద్యలో రెండు పాయలున్నాయి. ఒకటి నేల ఆకారాన్ని చదవడం: కొండలు, వాగులు, దారులు, చెట్లు. తాంగ్ వంశం చివరి రోజుల్లో, 9వ శతాబ్దంలో, జియాంగ్షీ ప్రాంతంలో ఈ పాయను నిలబెట్టినవాడిగా యాంగ్ యున్‌సోంగ్ పేరు చెబుతారు. రెండోది దిక్కు, కాలం కలిపి వేసే లెక్క. 'ఎగిరే నక్షత్రాలు', 'ఎనిమిది ఇళ్ళు' లాంటి పద్ధతులు దాని కిందికి వస్తాయి. కొత్తవాళ్ళు ఎక్కువగా రెండోదాని మీద పడతారు. అంకెలు వేస్తే గళ్ళు నిండుతాయి, నేర్చుకున్నామన్న తృప్తి త్వరగా కలుగుతుంది. మొదటిది అలా కాదు. దానికి కాళ్ళు కావాలి, కళ్ళు కావాలి, ఒక ఏడాది ఓపిక కావాలి. నేల చూడకుండా అంకెలు వేయడం రోగిని చూడకుండా మందు రాయడమే.

వీపుకు కొండ, ముఖానికి నీరు

ఆకార విద్యలో ఆదర్శమైన చోటును నాలుగు జంతువులతో చెబుతారు. వెనక నల్ల తాబేలు, అంటే కాపు కాసే కొండ. ఇంటి లోపలి నుంచి బయటికి చూస్తే ఎడమ చేతివైపు పచ్చ డ్రాగన్, కుడివైపు కాస్త తగ్గి తెల్లపులి, అంటే రెండు గట్లు. ముందు ఎర్రపక్షి, అంటే తెరపి, దాని అంచున మెల్లగా మలుపు తిరిగే నీరు. 4వ శతాబ్దానికి చెందిన గువో పు పేరిట ప్రచారంలో ఉన్న 'జాంగ్ షూ' గ్రంథం ఈ ఆలోచనకు మూలమంటారు. గాలి ఈడ్చుకుపోయే చోట ప్రాణశక్తి నిలవదని, నీరు ఎదురైతే ఆగుతుందని దాని సారాంశం.

చైనా సంప్రదాయంలో తాబేలు ఉత్తరాన ఉండాలి, ఇల్లు దక్షిణం చూడాలి. ఎందుకు? చలికాలంలో సైబీరియా వైపు నుంచి కొరికే గాలి ఉత్తరం నుంచే వస్తుంది, ఎండ దక్షిణం నుంచి పడుతుంది. ఈ కారణం తెలిసినవాడు అండమాన్‌లో దిగగానే అడగాల్సింది 'ఉత్తరం ఎటు?' అని కాదు, 'ఇక్కడ కొరికే గాలి ఏది?' అని.

ఇక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా గాలి, వాన నైరుతి నుంచి. చలికాలం వచ్చేసరికి గాలి తిరగబడి ఈశాన్యం నుంచి వీస్తుంది. బంగాళాఖాతం తుపానుల్లో చాలా వాటికి అండమాన్ సముద్రమే పుట్టిల్లు. మన వాస్తు నైరుతిని ఎత్తుగా, బరువుగా, తక్కువ కిటికీలతో ఉంచమంటుంది. వానగాలికి వీపు తిప్పమనే ఆ మాటను ఎన్ని తరాల అనుభవం చెప్పించిందో కానీ, దీవుల నైరుతి ముఖాన నిలబడి ఒక్క జూలై చూసినవారికి దాని విలువ అర్థమవుతుంది. అయితే తూర్పు తీరపు ఇంటికి ఈశాన్యాన్ని బార్లా తెరిచేస్తే డిసెంబరు గాలికి తలుపులు కొట్టుకుంటాయి. చైనా నుంచి వచ్చిన సూత్రమైనా, విశాఖ నుంచి వచ్చిన ప్లానైనా, ఈ నేల మీద ఒకసారి పరీక్షకు నిలవాలి. రూలు వెనక కారణం తెలిసినవాడే దాన్ని ఎక్కడ సడలించాలో చెప్పగలడు.

నీటి సంగతీ అంతే. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊరు శ్రీ విజయపురం. అయినా ఎండాకాలం వస్తే కొళాయి నీటి కోసం రోజులు లెక్కపెడుతుంది. నిటారు వాలుల మీద పడ్డ వాన గంటల్లో సముద్రంలో కలిసిపోతుంది. నగరం పెద్ద దిక్కుగా నమ్ముకున్నది ధనీఖారీ డ్యామును. ముంగిట సముద్రం కనబడితే 'నీరు బాగుంది' అని రాసుకునే విద్యార్థి మొదటి పరీక్షలోనే తప్పుతాడు. నిలిచే మంచినీరు ఎక్కడుందో చూడాలి. మన వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో బృహత్సంహితలో వాస్తుకు ఒక అధ్యాయం ఇచ్చి ఊరుకోలేదు. ఏ చెట్టు పక్కన, ఏ పుట్ట దగ్గర తవ్వితే నీరు పడుతుందో చెప్పడానికి దకార్గళం అని ఇంకో అధ్యాయమే రాశాడు. వాస్తు చెప్పించుకునేవాళ్ళు మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

---

■ సెల్యులార్ జైలు: తలకిందులు చేసిన శాస్త్రం

1896లో మొదలై 1906లో పూర్తయిన ఈ జైలుకు ఏడు రెక్కలు, నడుమ కావలి బురుజు. ఒక రెక్క ముందు భాగానికి ఎదురుగా పక్క రెక్క వీపు ఉండేలా కట్టారు. ఖైదీ గది ఊచల్లోంచి చూస్తే ఎదుట మనిషి ముఖం కాదు, గోడ కనబడాలి. గదికి చేతికందని ఎత్తులో ఒక చిన్న వెంటిలేటర్. కొండకొన మీద, సముద్రపు గాలి నిత్యం వీచే చోట, గాలినీ చూపునూ మనిషినీ మనిషి నుంచి కోసేశారు. కట్టడం మనిషిని ఏం చేయగలదో తెలుసుకోవాలనుకునే విద్యార్థి ఇక్కడ ఒక పూట గడపాలి. ఇప్పుడు మిగిలినవి మూడు రెక్కలే.

---

చోటు తప్పిన పట్టణాలు

దీవుల చరిత్రంతా చోటు ఎంచుకోవడంలో పడ్డ పాట్ల కథ. 1789లో లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఇప్పటి శ్రీ విజయపురం రేవులో, చాతమ్ దీవి మీద, ఈస్టిండియా కంపెనీ తరఫున మొదటి వలస నిలిపాడు. అది కుదురుకుంటూ ఉండగానే 1792లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర అండమాన్‌లో, ఇప్పటి దిగ్లీపూర్ వైపు, యుద్ధనౌకలకు ఇంకా మంచి రేవు ఉందని మొత్తం వలసను అక్కడికి తరలించారు. ఓడలకు అది మంచి చోటే. మనుషులకు కాదు. జబ్బులు చుట్టుముట్టాయి, చావులు పెరిగాయి, 1796లో అంతా వదిలేసి వెళ్ళిపోయారు.

అరవై ఏళ్ళు అడవి మళ్ళీ అడవిగానే ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత ఖైదీలను పంపడానికి చోటు కావలసి వచ్చింది. 1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో వచ్చి చాతమ్ మీదే దిగాడు. సంకెళ్ళ కాళ్ళతో అడవి నరికించారు. నరికాక తెలిసింది, తాగునీరు చాలదని. రేవు ముఖద్వారంలో ఉన్న రాస్ దీవికి మారారు. గాలి, నీరు, కాపు అనే మూడు ప్రశ్నలు అడవి మీద గొడ్డలి పడకముందు అడిగి ఉంటే, ఆ ఖైదీల చెమట, కొందరి ప్రాణాలు మిగిలేవి.

రాస్ దీవి ఆ తర్వాత తెల్లదొరల రాజధానిగా వెలిగింది. చర్చి, రొట్టెల బట్టీ, నాట్యశాల అన్నీ వెలిశాయి. 1941 జూన్ 26న భారీ భూకంపం, మరుసటి ఏడాది మార్చిలో జపాన్ సేనలు. దాంతో దాని కథ ముగిసింది. ఇప్పుడు అది నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. చర్చి గోడలను మర్రివేళ్ళు ఎలా పట్టుకున్నాయంటే, ఇటుక ఏదో వేరు ఏదో వేలితో తడిమితే తప్ప తెలియదు. వేరు ముందు పగులులోకి దూరింది. లావెక్కి గోడను చీల్చింది. ఇప్పుడు వేరు తీసేస్తే గోడ కూలుతుంది. నీడ కోసం గోడ వారన చెట్టు నాటేవారు ఈ గోడను ఒకసారి చూసి వెళ్ళాలి.

సూది చెప్పేది, చెప్పనిది

ఇక దిక్సూచి. సూదంటురాయిని చైనాలో తొలుత చోటు చూడటానికి వాడారని, ఓడలకు తర్వాత ఎక్కిందని చరిత్రకారుల మాట. సూది అసలు దక్షిణానికి కాస్త పక్కకు తిరిగి నిలుస్తుందని షెన్ కువో 1088 ప్రాంతంలో రాసిపెట్టాడు. ఆ సూదుల సాయంతోనే 15వ శతాబ్దంలో చైనా సేనాని జెంగ్ హె నౌకాదళం ఈ సముద్రం దాటింది. ఆ ప్రయాణాల్లో ఉన్న మా హువాన్ తన రచనలో నికోబార్ వైపు దీవులనూ ప్రస్తావించాడు. స్థలాలు చూసే సూదీ, ఈ దీవుల పక్కగా సాగిన ఓడల సూదీ ఒక తల్లి బిడ్డలే.

ఫెంగ్‌షుయ్ దిక్సూచి పళ్ళేన్ని లువోపాన్ అంటారు. దాని మీద చుట్టూ 24 'కొండలు', ఒక్కొక్కటి 15 డిగ్రీలు. దిక్కును ఎనిమిదిగా చూసే అలవాటున్న మనకు ఇది మూడింతలు సన్నని కొలత. కాబట్టి నాలుగైదు డిగ్రీల తేడా కూడా ఇంటి లెక్కను మార్చేస్తుంది. ఇక్కడే కొత్తవాళ్ళ పప్పులు ఉడకవు. ఫోనులో దిక్సూచి ఇనుముకు లోకువ. అండమాన్‌లో చాలా ఇళ్ళకు రేకుల కప్పే. కాంక్రీటు ఇంట్లో గోడ నిండా ఇనుప కమ్మీలు. గుమ్మంలో ఒక అంకె, వాకిట్లో ఒకటి, స్కూటర్ పక్కన మరొకటి వస్తుంది.

---

■ మొదటి ఏడాది సాధన

● ఇంటికి దూరంగా, బండికి దూరంగా, కనీసం మూడు చోట్ల దిక్కు చూసి రాసుకోండి. మూడూ కలవకపోతే ఇంకో చోట చూడండి.

● ఇంటి ముఖం అంటే సింహద్వారమే అనుకోకండి. వెలుతురు, తెరపి, కదలిక ఎటువైపు ఎక్కువో ఫెంగ్‌షుయ్‌లో అదే తరచు ముఖమవుతుంది. వాస్తు అలవాటున్నవారు తడబడేది ఇక్కడే.

● ప్రతి నెలా పౌర్ణమికి, అమావాస్యకు పోటునీరు ఎంతవరకు వచ్చిందో గుర్తు పెట్టండి.

● గాలి వైపు రోజూ రాయండి. రెండు రుతుపవనాలు దాటాక గానీ అంకెల పుస్తకం తెరవకండి.

---

స్తంభాల మీద గుండ్రటి ఇల్లు

కార్ నికోబార్ సంప్రదాయ ఇల్లు చూస్తే ఆకార విద్యను ఎవరూ పుస్తకంలో చదవనక్కర్లేదు అనిపిస్తుంది. మనిషి కిందుగా నడవగలిగేంత ఎత్తు దుంగల మీద గుండ్రటి గూడు, గూటి అడుగు దాకా దిగినట్టుండే గడ్డి కప్పు. గాలికి పట్టు దొరికే మూల లేదు. వాన కప్పు మీద జారిపోతుంది, నిలవదు. నేల చెమ్మ, పాములు, పందులు కిందే ఉండిపోతాయి. ఎండవేళ ఇంటి కింది నీడే పనిచోటు, ముచ్చట చోటు. ఎక్కడానికి నిచ్చెన. అవసరమైతే పైకి లాగేసుకోవచ్చు.

ఊరి అమరిక ఇంకా ముచ్చటగా ఉంటుంది. సముద్రం ఒడ్డున ఎల్‌పానమ్ అనే ఉమ్మడి స్థలం. పండుగలు, సభలు, పడవ పందేలు అక్కడ. కుటుంబాల వాడలు లోపలికి. ఉమ్మడి కుటుంబాన్ని తుహేత్ అంటారు. కొబ్బరి తోట, పందులు, ఇల్లు అన్నీ దానివే, ఒక్కరివి కావు. చైనా దక్షిణ పల్లెల్లోనూ, హాంకాంగ్ న్యూ టెరిటరీస్‌లోనూ ఊరి వెనక చెయ్యి వేయకుండా ఉంచే ఫెంగ్‌షుయ్ అడవులు ఇలాంటి ఉమ్మడి పట్టుదలతోనే మిగిలాయి. చోటు బాగుండాలంటే ఒక ఇంటివాడి శుభం చాలదు, పక్కింటివాడి వాగూ, ఊరి చెట్టూ బాగుండాలి.

2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నర వేళ భూమి కంపించింది. తీవ్రత 9.1. వెంటనే సునామీ విరుచుకుపడింది. దీవుల్లో చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి 3,500 మందికి పైమాటే. బల్లపరుపుగా ఉండే కార్ నికోబార్‌లో ఒడ్డు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. అంత తెలివిగా కట్టిన ఇళ్ళూ ఆగలేదు. ఇది దాచకూడని నిజం. ఇంటి జ్ఞానం తాతలు చూసిన గాలివానల దాకా వెళుతుంది. కొన్ని వందల ఏళ్ళకొకసారి వచ్చే అలను అది చూడలేదు. 1881లో ఇక్కడే భూకంపం వచ్చింది, అల కూడా వచ్చింది. కానీ అది చిన్నది. మరోవైపు ఆదివాసీలైన ఒంగేలు, జరావాలు ఎత్తైన అడవిలోకి చేరి బతికి బయటపడ్డారు. ఏ విద్యకైనా హద్దు ఉంటుంది. ఫెంగ్‌షుయ్ గురువు భూకంపాన్ని ఆపుతానన్నా, కనిపెడతానన్నా అక్కడితో ఆ పాఠం మానేయడం మంచిది.

ఆ రోజు నేలే కదిలింది. ఉత్తర అండమాన్ తీరంలో పగడపు దిబ్బలు మీటరుకు పైగా పైకి తేలి ఎండిపోయాయి. దక్షిణాన నేల కుంగి సిప్పీఘాట్ పొలాల్లోకి సముద్రం వచ్చి ఉండిపోయింది. గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది. 1972 నుంచి వెలుగుతున్న అక్కడి దీపస్తంభం మొదలు నీళ్ళలో నిలిచింది.

తర్వాత దీవుల్లో పదివేలకు కాస్త తక్కువగా శాశ్వత గృహాలు కట్టారు. ఒడ్డుకు దూరంగా, ఉక్కు చట్రంతో, రేకుతో, వరసలుగా. భద్రత కోణంలో ఆ శ్రమను తక్కువ చేయలేం. కానీ తుహేత్‌ను భార్య, భర్త, పిల్లల లెక్కన విడగొట్టి ఇంటికొక కుటుంబాన్ని పెట్టారు. ఎండకు రేకు కాగింది. చాలామంది నికోబారీలు పక్కనే తమ చేత్తో కలప, ఆకు వేసి వంటిల్లు కట్టుకున్నారు. నేల చూశారు గానీ, ఆ నేల మీద మనుషులు ఎలా కూర్చుంటారో చూడలేదు.

గోడ కూల్చే ముందు

తెలుగు నేల మీద వాస్తు పేరిట తలుపులు మూయించడం, మెట్లు కొట్టించడం మనకు తెలిసిందే. హైదరాబాద్‌లో 2020లో పాత సచివాలయం కూల్చి, 2023 ఏప్రిల్ 30న కొత్తది ప్రారంభించేదాకా వాస్తు గురించి ఎంత చర్చ నడిచిందో పాఠకులు మరచిపోలేదు. ప్రభుత్వం తట్టుకుంటుంది. ఓడలో వచ్చిన సిమెంటుతో, ఓడలో వచ్చిన ఇనుముతో గోడ లేపుకున్న అండమాన్ కుటుంబం తట్టుకోలేదు. ఇక్కడ బస్తా సిమెంటుకైనా సముద్రం దాటిన కిరాయి పడుతుంది. పిల్లకు పెళ్ళి కుదరలేదని, వ్యాపారం దెబ్బతిందని, ఇంటి ముఖం తప్పని చెప్పి గోడ పగలగొట్టించే సలహాకు ఆధారం ఏ ప్రయోగంలోనూ లేదు. మంచి గురువు ముందు మంచం జరపమంటాడు, కిటికీ తెరవమంటాడు, మురుగు దారి మళ్ళించమంటాడు. ఖర్చు లేని సలహాతో మొదలుపెట్టేవాడి దగ్గరే నేర్చుకోండి.

నేర్పేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. జంగ్లీఘాట్ మత్స్యకారుడికి గాలి మలుపు ముక్కుకు తెలుస్తుంది. 1883 నుంచి నడుస్తున్న చాతమ్ కోతమిల్లు దగ్గర పెరిగిన వడ్రంగికి పడౌక్ కలప తేమకు ఎలా మసలుతుందో చేతికి తెలుస్తుంది. లువోపాన్ వాళ్ళ దగ్గర లేదు. మిగిలినదంతా ఉంది.

గలాథియా దగ్గర

ఈ పాఠం ఒక ఇంటి గడప దగ్గర ఆగదు. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త నగరం కట్టే ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. అప్పటి అంచనా 72 వేల కోట్ల రూపాయలు. అందుకు మళ్ళించే అడవి 130 చదరపు కిలోమీటర్లు. ఓడరేవు వచ్చేది గలాథియా తీరంలో. అది తోలుతాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక. 2004లో నాలుగు మీటర్లకు పైగా కుంగిన ఇందిరా పాయింట్ అక్కడికి దగ్గరే. అదే దీవి అడవుల్లో షోంపెన్ ఆదివాసీలు ఉన్నారు.

చోటు చూడటం నేర్చుకుంటున్నవారు ఈ పటాన్ని ముందు పెట్టుకోవాలి. ఓడలకు మంచి రేవని చెప్పి 1792లో మనుషులను ఎటు తీసుకెళ్ళారో, నాలుగేళ్ళలో ఏమైందో గుర్తు పెట్టుకుని ఈ పటం చూడాలి. అక్కడ తరతరాలుగా ఉన్నవాళ్ళు ఏమంటున్నారో వినాలి. సునామీకి ముందు గ్రేట్ నికోబారీలు చింగెన్ లాంటి ఊళ్ళలో ఉండేవారు. సునామీ తర్వాత వారిని క్యాంప్‌బెల్ బే వైపు రాజీవ్‌నగర్, న్యూ చింగెన్‌లకు తరలించారు. ఆ తరలింపు తాత్కాలికమనే వారు అనుకున్నారు. గ్రేట్ నికోబార్, లిటిల్ నికోబార్ గిరిజన మండలి తాను ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్ని 2022 నవంబరులోనే వెనక్కి తీసుకుంది. తమ పాత ఊళ్ళకు తిరిగి వెళ్తామని వాళ్ళు ఇప్పటికీ అడుగుతున్నారు.